పదమూడో కోడిపిల్ల

నా చిన్నప్పుడు మా వీధిలో జరిగిన ఒక యుద్ధం గురించి చెప్తాను. అందులో వ్యూహం ఉంది, రాయబారం ఉంది, తప్పిపోయిన వారసుడున్నాడు, చీకటి పడేలోగా తేలాల్సిన ధర్మసందేహం ఉంది. తీరిగ్గా చెప్తే తెల్లారిపోయే కథ. కాకపోతే వారసుడు కోడిపిల్ల. ధర్మసందేహం, కోడికి లెక్కలు వస్తాయా రావా అని. కాబట్టి అన్నం తినేలోపు అయిపోతుంది.

ఇలాంటివి చెప్పుకోవడానికి నాకింకా వయసు చాలదంటారు. నిజమే, తల కూడా నెరవలేదు. కానీ మా ఇంట్లో నా తర్వాత పుట్టినవాళ్ళు ఏడుగురున్నారు. వాళ్ళ లెక్కలో నేను పాతకాలం మనిషిని.

మా ఊరు రాజాం పక్కన. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. కూడికలు గడగడా వచ్చేవి. చిక్కంతా తీసివేతల దగ్గరే. ఇరవై మూడులోంచి ఎనిమిది తీసెయ్యమంటే, మూడులోంచి ఎనిమిది పోదు గనక ఎనిమిదిలోంచే మూడు తీసేసి, ఐదు వేసి, పక్కనున్న రెండుని పాపం ఎందుకు కదపడమని అలాగే దించేసేదాన్ని. ఇరవై ఐదు. ఎనిమిది పోయాక కూడా ఉన్నది పెరిగిందంటే దేవుడి దయ అనుకునేదాన్ని గానీ తప్పనుకునేదాన్ని కాదు.

ఇంత తెలివితో కూడా నాకు ఇంట్లో ఒక ఉద్యోగం ఉండేది. మా మామ్మకి ఒక నల్ల పెట్ట ఉండేది. అది ఎనిమిది పిల్లల్ని చేసింది. అదే వారంలో మేం అప్ప అని పిలిచే పక్కింటావిడ పెట్ట కూడా పిల్లల్ని చేసింది గానీ, దాన్ని కుక్క పట్టుకుపోయింది. నాలుగు పిల్లలు మిగిలాయి. అప్ప వాటిని ఒక చేటలో పెట్టుకుని మామ్మ దగ్గరికి తెచ్చింది. ఇలాంటప్పుడు మా వైపు ఆడవాళ్ళు చేసే పని ఒకటుంది. బాగా పొద్దుగూకాక, పెట్ట పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని కునుకు తీస్తుంటే, పరాయి పిల్లల్ని ఒక్కొక్కటిగా దాని కిందకి తోసేస్తారు. మామ్మ అదే చేసింది. తెల్లారి గంప ఎత్తితే పెట్ట కింద నుంచి పన్నెండు పిల్లలు బయటికొచ్చాయి. పెట్ట వాటి వంక ఒకసారి చూసి, చుట్టాలొస్తే మనం మొహమాటానికి నవ్వినట్టు ఒక చప్పుడు చేసి, పెంట గెలకడానికి వెళ్ళిపోయింది. అప్ప మాత్రం తన నాలుగింటినీ గుర్తు పట్టడానికి కాలి గోళ్ళకి ఎర్ర రంగు వేసింది. ఆ వీధిలో గోళ్ళరంగు వేసుకున్నవి ఆ నాలుగే.

రోజూ సాయంత్రం పెట్టని గంప కింద పెట్టి, అంచు కొంచెం ఎత్తి పట్టుకుంటే, పిల్లలు ఆ సందులోంచి ఒకదాని వెనక ఒకటి లోపలికి దూరేవి. వాటిని లెక్కపెట్టడం నా పని. పన్నెండు అని నేను అనేదాకా మామ్మ వాకిట్లోంచి కదిలేది కాదు. బడిలో నా మాటకి ఎవరూ విలువిచ్చేవాళ్ళు కాదు. వాకిట్లో మాత్రం నేను అంకె చెప్తేనే ఇంటికి తలుపు పడేది.

ఒక ఆదివారం మా మావ వచ్చాడు. మా మేనత్త భర్త, ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టారు. పెళ్ళయి ఏడాది కాలేదు, అంటే అల్లుడి హోదా ఇంకా వేడివేడిగా ఉన్న రోజులు. మామ్మ అల్లుడితో నేరుగా మాట్లాడేది కాదు. గుమ్మం పక్కన నిలబడి, అల్లుడుగోరికి కాపీ కావాలేటో కనుక్కోవే అని నాతో అనేది. ఆయన అక్కడే రెండడుగుల దూరంలో కూర్చుని ఉండేవాడు. ఆయన కూడా నాకే జవాబు చెప్పేవాడు. నేను చేసేదల్లా మధ్యలో నిలబడటం. ఆయన వస్తువులకీ అంతే మర్యాద. హెల్మెట్టు ఇవ్వగానే మామ్మ కొంగుతో తుడిచి, నేల మీద పెట్టకూడదని అరుగు మీద పీట వేసి, దాని మీద పక్కకి ఒరిగించి, నోరు గోడవైపు తిప్పి పెట్టింది. పిల్లలెవరూ ముట్టుకోకూడదని నాకూ తమ్ముడికీ విడివిడిగా చెప్పింది.

భోజనాలయ్యాక మావ సరదాగా నా పలక తెప్పించాడు. ఇరవై మూడు, ఎనిమిది. నేను దేవుడి దయ చూపించాను. ఆయన తిట్టలేదు, ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వాడు. అంతటితో ఆగితే బాగుండేది. కోడిపిల్లల్ని లెక్కపెట్టేది నేనని తెలిసి, ఆ పని తమ్ముడికి ఇవ్వడం మంచిదన్నాడు. తమ్ముడు అప్పుడు అంగన్‌వాడీకి వెళ్తున్నాడు. వాడికి పదిదాకానే వచ్చు. కానీ ఆ పదీ గట్టిగా వచ్చు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మామ్మ చూసింది. గుమ్మం దగ్గర్నుంచి నాతో అన్నట్టుగా, గుంట, అంటే నేను, తప్పినా పెట్ట తప్పదనీ, దాని పిల్లలెన్నో దానికి తెలుసనీ అంది. మావ మాస్టారు గదా, ఊరుకోలేకపోయాడు. జంతువులకి అంకెలు తెలీవని, అదంతా మనం అనుకోవడమేనని చెప్పి, చివర్లో ఒక దెబ్బ కొట్టాడు.

"మీ మామ్మకి సెప్పు. రాత్రి ఎనిమిదితో పడుకున్నాది, పొద్దున్న పన్నెండుతో లేసింది. ఒక్క మాటైనా అడిగిందా?"

నాదీ పెట్టదీ ఒకటే జబ్బని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. ఉన్నది పెరిగితే ఇద్దరం నోరెత్తం.

ఆ సాయంత్రం తన ముందే లెక్కపెట్టాలని, సరిపోతే పని నాదేనని, లేకపోతే తమ్ముడిదని మావ తీర్పిచ్చాడు. పొద్దువాలింది. నేను గంప అంచు ఎత్తాను. పిల్లలు దూరాయి. పది, పదకొండు. తరవాత ఎవరూ రాలేదు. ఆ రోజున, ఆ ఒక్క రోజున పన్నెండు అనేస్తే ఏ గొడవా ఉండేది కాదు. నా నోటికి రాలేదు. పదకొండు అన్నాను.

ఆపాటికి పెట్ట గంపని నెట్టుకుని బయటికొచ్చేసింది. దానితో పాటు పిల్లలూ. మావ లేచి, వేలు చూపిస్తూ తనే లెక్కపెట్టాడు. పలక మీద అంకెలు పెట్టిన చోటే ఉంటాయి. కోడిపిల్లలు అలా ఉండవు. ఆయన వేలు ఇటు నుంచి అటు వెళ్ళేలోపు ఒక పిల్ల అటు నుంచి ఇటు వచ్చింది. పన్నెండున్నాయి గదే అన్నాడు. నేను పదకొండే అన్నాను. వంటింట్లోంచి మా అమ్మ, మావకి ఎదురు చెప్తావా అని కేకేసింది. తమ్ముడు ముందుకొచ్చి శ్రద్ధగా లెక్కపెట్టి, పది అన్నాడు.

మూడు లెక్కలు. ఒకటి మాస్టారిది, ఒకటి పదితో ఆగిపోయినవాడిది, ఒకటి ఇరవై ఐదన్నదానిది. ఎవరిని నమ్ముతారో నాకు తెలుసు. కానీ పెట్ట కూర్చోవడం లేదు. మెడ సాచి, వాకిలంతా తిరుగుతూ, గంప దాకా వచ్చి మళ్ళీ వెనక్కి పోతోంది. గోడ మీద పక్కింటి పిల్లి వచ్చి కూర్చుంది. వెలుతురు తగ్గిపోతోంది. నిజంగా ఒక పిల్ల బయట ఉంటే, ఇంకాసేపట్లో పదకొండే సరైన లెక్క అయిపోతుంది. నా మాట నెగ్గడానికి అంతకంటే దరిద్రమైన దారి లేదు.

మామ్మ గుమ్మం పట్టుకుని పెట్టనే చూస్తోంది. ఆవిడకి విషయం అర్థమైంది. కానీ అల్లుడి లెక్క తప్పని అనడం ఎలా? మా వైపు ఎమ్మార్వోని పట్టుకుని నీకేం తెలీదని అనొచ్చు. అల్లుణ్ణి అనకూడదు. మామ్మ కొంగు బొడ్లో దోపింది.

"ఒలే గుంటా, అల్లుడుగోరు సెప్పినాక తిరుగు నేదు. పన్నెండూ ఉన్నాయి."

నా ఉద్యోగం పోయిందనుకున్నాను.

"పదమూడోదే కనబడ్డం నేదు. ఎతకండి."

పదమూడోది ఎక్కడిదని అడగమని మావ నాతో అన్నాడు. నాను సూడనేదు, పెట్ట ఎతుకుతున్నాది గదా, దాన్నడగమను అంది మామ్మ. తన పన్నెండు ఎవరూ కాదనలేదు కాబట్టి ఆయనకి పోట్లాడటానికి ఏమీ మిగల్లేదు. ఫోన్‌లో టార్చి వెలిగించి ఆయన కూడా బయల్దేరాడు. లేదని తనకి గట్టిగా తెలిసిన కోడిపిల్ల కోసం ఒక లెక్కల మాస్టారు మోకాళ్ళ మీద వంగి మంచం కింద వెతుకుతుంటే చూశాను. ఆ రోజు నా మొదటి గెలుపు అదే.

వడ్ల బస్తాల వెనక చూశాం. గడ్డివాము చుట్టూ తిరిగాం. పక్కింటి అప్ప వచ్చి కట్టెల మోపు విప్పింది. నేను భయపడుతూ నీళ్ళ గాబులోకి తొంగి చూశాను. నా మొహమే కనబడింది, అదీ బాగాలేదు. పెట్ట మాత్రం అరుగు దగ్గరికి పోయి అరవడం, దాన్ని మేం అదిలించడం. ఎందుకంటే అక్కడ అల్లుడి హెల్మెట్టుంది, తోసేస్తుందేమోనని. ఇల్లంతా గాలించిన మేం ఆ పీట చుట్టూ మాత్రం దిష్టి తీసిన చోటు దాటినట్టు పక్కకి తప్పుకుని నడిచాం.

ఇక చీకటి పడిపోతోందని, రోడ్డు మీద లారీలెక్కువని, మావ బయల్దేరాడు. హెల్మెట్టు తీసి వెల్లకిలా తిప్పాడు. అలాగే ఆగిపోయాడు. లోపల మెత్తటి దూది పక్కలో ఒక పిల్ల, అప్పుడే నిద్రలేచి, ఇంత అలజడి దేనికన్నట్టు కిచ్ అంది. కాలి గోళ్ళకి ఎర్ర రంగు. మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉన్నట్టు సాక్ష్యం కూడా వదిలింది. అది తుడవడానికి తరవాత మావకి తడిగుడ్డ కావలసి వచ్చింది.

ఆయన ఆ హెల్మెట్టుని హారతి పళ్ళెంలా రెండు చేతులా పట్టుకుని గంప దగ్గరికి వచ్చి వంచాడు. పిల్ల దొర్లి, లేచి, పరిగెత్తింది. వాకిలంతా తిరుగుతున్న పెట్ట నిలబడిపోయింది. గొంతులోనే ఒక చిన్న చప్పుడు చేసి, ఉన్నచోటే రెక్కలు విప్పి కూర్చుంది. మామ్మ దాన్ని ఎత్తి గంప కింద పెట్టింది. నేను అంచు ఎత్తాను. మావ ఈసారి వేలు చూపించలేదు, నా పక్కనే గొంతుక్కూర్చుని పెదాలు కదిపాడు. పన్నెండు అన్నాను. గోడకి అటూ ఇటూ ఉన్నవాళ్ళందరూ విన్నారు. అంత గట్టిగా అన్నాను.

పదమూడోది దొరికినాదని అల్లుడుగోరికి సెప్పవే అంది మామ్మ.

మావ లేచి, నన్ను దాటి, నేరుగా ఆవిడ వంక చూశాడు. "పన్నెండే అత్తా. నానే తప్పు లెక్కెట్టినాను."

అల్లుడు తిన్నగా మాట్లాడేసరికి మామ్మ బొడ్లో కొంగు తీసి భుజాల మీద కప్పుకుంది. ఎవరూ అడక్కపోయినా కాఫీ పెట్టడానికి లోపలికి పారిపోయింది. నేను మాత్రం ఆ మాటని చాలా రోజులు బడికి కూడా తీసుకెళ్ళాను.

అయితే మాస్టారు మాస్టారే. హెల్మెట్టు కడుగుతూ మళ్ళీ మొదలుపెట్టాడు. పిల్ల లోపల్నుంచి కూసి ఉంటుందని, పెట్ట విని ఉంటుందని, అందుకే అరుగు దగ్గరికి వెళ్ళిందని, వినడం వేరు, లెక్కపెట్టడం వేరని. పిల్ల నిద్రపోయింది గదా అని మామ్మ లోపల్నుంచి నాతో అంది. పైగా అది పెట్ట కన్న పిల్ల కూడా కాదు, అప్ప తెచ్చిన నాలుగింట్లోది. కాఫీ గ్లాసు నా చేతికిస్తూ మామ్మ అన్న మాట ఇది.

"వచ్చినోళ్ళని లెక్కెట్టదే. పోయినోళ్ళనే లెక్కెడతాది."

మావ కాఫీ అంతా తాగి గ్లాసు నా చేతికిచ్చాడు. ఈసారి పలక అడగలేదు. ఇరవై మూడు పిల్లలు పొద్దున్న వెళ్ళాయి, ఎనిమిది తప్పిపోయాయి, గంప కిందకి ఎన్నొస్తాయి అన్నాడు. నేను గంప వంక చూశాను. ఒక్కొక్కటీ దూరుతున్నట్టు ఊహించుకున్నాను. ఎంతసేపటికీ అక్కడ ఇరవై ఐదు పట్టలేదు. పదిహేను అన్నాను. ఇరవై ఐదెందుకు కాదని ఆయన అడిగితే, ఇరవై ఐదొస్తే వెతకడం దేనికన్నాను. ఆయన నా తల నిమిరి, పెళ్ళిలో మేనత్తని చూసినప్పటికంటే ఎక్కువ సంతోషంగా కనబడ్డాడు. ఆ వారం పరీక్షలో నాకు పదికి ఏడొచ్చాయి. మిగతా మూడూ గుణకారాలు. వాటి గురించి పెట్టకి కూడా అభిప్రాయం ఉన్నట్టు లేదు.

అది నిజంగా లెక్కపెట్టిందా, చప్పుడు విన్నదా, వాసన పట్టిందా, ఇవాళ్టికీ నాకు తెలీదు. మావ ఇప్పటికీ ఒప్పుకోడు. మామ్మ ఉన్నన్నాళ్ళూ ఆయనకి ఆ సంగతి నా ద్వారా గుర్తు చేస్తూనే ఉంది.

నాకు మాత్రం ఆ సాయంత్రం ఒక అలవాటుగా మిగిలిపోయింది. ఏటా మా ఇంటిల్లిపాదీ చిన్న బస్సు మాట్లాడుకుని శ్రీముఖలింగం గుడికి వెళ్తాం. తిరుగు ప్రయాణంలో అందరూ ఎక్కారో లేదో చూసే పని నాదే, ఎవరూ పోటీకి రారు. ఎంతమంది ఎక్కారని నేను లెక్కపెట్టను. ఎవరు లేరా అని చూస్తాను. గోల చేసేవాళ్ళు ఎలాగూ ఉంటారు. నోరెత్తకుండా ఎక్కడో ఒరిగి నిద్రపోయేవాళ్ళు ఒకరుంటారు, వాళ్ళని చూస్తాను. పెద్దవాళ్ళెవరైనా ముప్పై మందిమీ వచ్చేశాం, పోనీయమంటే అవునంటాను. ముప్పై ఒకటో మనిషిని వెతకడానికి కిందకి దిగుతాను. ఇంతవరకు ఒక్కరినీ వదిలేసి రాలేదు. నా జీవితంలో తిరుగులేని గెలుపేదైనా ఉంటే అదే.

మీరెప్పుడైనా మాతో వస్తే, ఆ బస్సులో వెనక సీట్లలో కుదుపు ఎక్కువ. వాంతులయ్యేవాళ్ళు ముందు కూర్చుంటే మంచిది.