అద్దె నర్సుల మధ్య మా పిన్ని

మా పిన్ని నర్సు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఆసుపత్రి వార్డులో ఆమె నడిచిన నడకంతా తాడులా పేనితే, భూగోళానికి మూడు చుట్లు చుట్టి, మిగిలినదానితో సూపరింటెండెంటును స్తంభానికి కట్టేయొచ్చు. పదో తరగతి గట్టెక్కనివాణ్ణే అయినా ఈ లెక్కలో మాత్రం నేను తప్పను.

నలభై మంచాలకు పగలు పిన్ని, రాత్రి ఇంకొకామె. అంతే. నిలబడే తింటుంది, నిలబడే కునుకు తీస్తుంది. ఒకసారి నిద్రలోనే ముగ్గురికి సూదులు వేసిందని చెబితే ఎవరూ నమ్మరు. నర్సులు లేక పై అంతస్తు మూతపడితే, సూపరింటెండెంటు దాన్ని సినిమా శిక్షణ సంస్థకు అద్దెకిచ్చేశాడు. కింద జనం మూలుగుతుంటే పైన జనం మూలగడం నేర్చుకుంటున్నారు. థూ!

నలుగురు నర్సులు కావాలని పిన్ని పెట్టుకున్న అర్జీ మీద విచారణకు పైఅధికారి వస్తున్నాడు. ఆయన కళ్ళారా చూస్తే చాలని పిన్ని ఆశ. చూస్తే అద్దె సంగతి బయటపడుతుందని సూపరింటెండెంటు గుబులు. ఆ పొద్దున ఎనిమిది మంది నటనా విద్యార్థినులకు తెల్లకోట్లు తొడిగి, మంచాల పక్కన నిలబెట్టాడు.

“సిబ్బంది నిండుగా ఉన్నారే!” అన్నాడు అధికారి.

“వీళ్ళు నర్సులు కారండీ. పైన యాక్టింగ్ నేర్చుకునేవాళ్ళు,” అంది పిన్ని.

“మా సిస్టర్‌కి జోకులంటే సరదా సార్,” అని సూపరింటెండెంటు ఇకిలించాడు.

“నిజమేనా?” అని అధికారి దగ్గర్లో ఉన్న అమ్మాయిని అడిగాడు. ఆ పిల్ల కళ్ళలో చటుక్కున నీళ్ళు తిరిగాయి. “రెండేళ్ళుగా సిస్టర్ దగ్గరే పని నేర్చుకుంటున్నాను సార్. ఏం తప్పు చేశానో, ఇలా అనేశారు.”

“అలాగా!” అంది పిన్ని. “అయితే ఈ తాతగారి సెలైన్ సీసా అయిపోవచ్చింది, మార్చు తల్లీ.”

పిల్ల కొత్త సీసా అందుకుంది. ఎక్కడ తగిలించాలో తెలియక, తాత చేతిలోని సూదినే పట్టుకుని లాగబోయింది. తాత కెవ్వుమన్నాడు. పిన్ని ఇంకొక్క క్షణం ఊరుకుంటే నాటకం బట్టబయలయ్యేది. ఊరుకోలేకపోయింది. పిల్ల చెయ్యి పక్కకు నెట్టి, సూది కదలకుండా పట్టుకుని, రెప్పపాటులో సీసా మార్చేసింది.

“పిల్లలకి కాస్త ఓపిగ్గా నేర్పాలమ్మా,” అని అధికారి హితబోధ చేశాడు. సిబ్బంది చాలినంత ఉన్నారని రాసుకుని వెళ్ళిపోయాడు. నలుగురు నర్సులూ హుళక్కి.

ఆ పిల్ల సిగ్గూ ఎగ్గూ లేకుండా పిన్ని దగ్గరికొచ్చింది. “అక్కా, ఏడుపు సహజంగా వచ్చిందా?”

“బ్రహ్మాండంగా వచ్చింది. ఇదిగో, ఇది పారబోసి రా,” అని పిన్ని తాతగారి బెడ్‌పాన్ ఆమె చేతుల్లో పెట్టింది.

పిల్ల రెండడుగులు వేసి, అది కిందికి వదిలేసి, భళ్ళున వాంతి చేసుకుని, మెట్లెక్కి పారిపోయింది. సూపరింటెండెంటు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, “సిస్టర్, ఎవరితోనైనా కడిగించండి,” అన్నాడు.

పిన్ని అటూ ఇటూ చూసింది. ఎవరున్నారని? తనే వెళ్ళి బకెట్ తెచ్చుకుంది.