అడుగుకు నలభై

లెక్కలు తప్పించుకోవచ్చని జియాలజీలో చేరిన పిల్లలకు లెక్కలు చెప్పడం నా ఉద్యోగం. కోట అనే ఊరికి దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో ఏటా మొదటి సంవత్సరం తరగతికి ఆశగా వెళ్తాను. దసరా సెలవుల నాటికి ఆ ఆశ నీరుగారిపోతుంది. రాళ్ల పేర్లు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాళ్లు, "దీనిలో సగమెంత?" అనగానే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటారు.

మా తీరంలో ఇసుక కింద మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయి. సముద్రమట్టానికి పైన మంచినీళ్లు ఒక అడుగు ఉంటే, కింద సుమారు నలభై అడుగుల దాకా ఉంటాయి. పైన ఎంత తగ్గితే కింద దానికి నలభై రెట్లు తగ్గుతుంది. ఈ ఒక్కటి తలకెక్కితే చాలనుకున్నాను. ఇక్కడి పిల్లలకు ఇంతకన్నా అవసరమైన లెక్క లేదు.

సంక్రాంతి దాటాక తరగతినంతా అందులోని ఒక అమ్మాయి వాళ్ల చేనికి తీసుకెళ్లాను. వాళ్లది సరుగుడు నారుమడి. ఇసుకలో తవ్విన లోతు తక్కువ గుంటను మా వైపు దొరువంటారు. వాళ్లమ్మ అందులోకి దిగి, కడవలు ముంచుకుని వచ్చి నారుకు పోస్తోంది. మేం మేస్త్రీలు వాడే లెవెల్ పైపు పట్టుకుని సముద్రపు ఒడ్డు నుంచి కొలుచుకుంటూ వచ్చాం. దొరువులో నీళ్లు సముద్రమట్టానికి అర అడుగే పైన ఉన్నాయి.

"అడుగుకు నలభై. మరి అర అడుగుకు ఎంత?" అన్నాను.

అందరూ నోటుపుస్తకాల్లో 'నలభై' అని రాసుకున్నారు. చివరికి ఒకడు, "ఇది పరీక్షకు వస్తాదా సార్?" అన్నాడు.

ఒళ్లు మండింది. ఇంటికెళ్లి చేసుకురమ్మన్నాను. ఒక్కరూ చేసుకురాలేదు. పరీక్షలో మాత్రం అడుగుకు ఎంత అనే అడిగారు కాబట్టి అందరూ 'నలభై' అని రాసి, కింద గీత గీసి, పూర్తి మార్కులు తెచ్చుకున్నారు.

ఎండలు ముదిరాక ఆ అమ్మాయి వచ్చింది. "నాయన ఒకసారి చేనికి రమ్మన్నాడు సార్," అంది. వెళ్లేసరికి నారంతా కొసలు మాడిపోయి ఉంది. దొరువు పక్కన కొత్త బోరు, దానికి మోటారు.

"మా ఇంటామె నడుం పడిపోయింది సార్. కడవలు మోయలేకపోతా ఉంది," అన్నాడు తండ్రి. "అందుకే పాస్టరు గారితో ప్రార్థన చేయించి బోరేసినాం. ఎంత లోతు అంటే మా పాప నలభై అడుగులని చెప్పింది. మీరే చెప్పినారంట గదా. ఇప్పుడు చూస్తే అన్నీ ఉప్పునీళ్లే. దొరువులో కూడా అవే."

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. నేను వచ్చానుగా, ఇక ఏదో ఒక దారి చూపిస్తానన్న నమ్మకం ఉంది. అది భరించడమే కష్టమైంది.

పైపు తెప్పించి మళ్లీ కొలిచాం. దొరువులో నీళ్లు సముద్రంతో సమానంగా దిగిపోయాయి. ఇసుకలో పుల్లతో బొమ్మ గీసి, అర అడుగుకు ఇరవై అడుగులే మంచినీళ్లని, నలభైకి వేసిన బోరు ఉప్పులోకే దిగిందని, మోటారు పైనున్న కాస్త మంచినీళ్లూ లాగేస్తే కిందనుంచి ఉప్పు ఎలా ఎగదన్నుకొస్తుందో చెప్పాను. అమ్మాయి శ్రద్ధగా తలూపింది.

"అయితే ఇప్పుడు ఎన్ని అడుగులేస్తే మంచినీళ్లు పడతాయి సార్? ఒక నంబరు చెప్పండి," అంది.

కోపం రావాల్సింది. ఏడుపొచ్చింది.

"నువ్వే చెప్పమ్మా. అడుగుకు నలభై. పైన ఏమీ మిగల్లేదు. మరి కింద ఎంత?"

ఆ అమ్మాయి ఇసుకలో గీత మీద వేలు పెట్టి లెక్కేసుకుంది. పెదాలు కదిలాయి.

"సున్నా సార్."

ఏడాదంతా నేను ఎదురుచూసింది ఆ జవాబు కోసమే. సూత్రం అడగలేదు, మార్కులు అడగలేదు, సొంతంగా చేసింది.

"కరెక్టేనా సార్?" అంది. వాళ్లమ్మ ఖాళీ కడవ చంకన పెట్టుకుని నా నోటివంకే చూస్తోంది. కరెక్టే అన్నాను.