పిన్నికి చదవకుండా వదిలేసిన నాలుగు వాక్యాలు

మా పిన్ని పోయిందని మా ఊరు చౌల్దారీ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను వేరే దీవిలో ఉన్న రంగత్‌లో, బడిలో పాఠం చెబుతున్నాను. చెవి కింద మానని పుండుతో రెండేళ్లు బాధపడింది. చర్మం క్యాన్సర్ అన్నారు డాక్టర్లు, ఏళ్ల తరబడి తగిలిన ఎండ వల్ల అన్నారు. ఆ ఎండకు ఆమెను అప్పగించిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ మాట చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

పిన్ని పుట్టుకతోనే తెల్లటి మనిషి. జుట్టూ కనురెప్పలూ కూడా తెలుపే. చూపు సరిగ్గా ఆనదు, ఎండ తగిలితే ఒళ్లు కమిలిపోతుంది. శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఈ దీవులకు వచ్చిన మా చేపలవాళ్లలో అలాంటి మనిషి ఇంకొకరు లేరు. బజారులో "అంగ్రేజ్ దీదీ", ఇంగ్లీషు అక్కా అని ఏడిపిస్తే, "అంగ్రేజోళ్లందరూ ఓడెక్కి ఎలిపోనారు భయ్యా, నన్నొక్కర్తినే మర్సిపోనారు" అనేది. అన్నవాడే సిగ్గుపడి నవ్వేవాడు.

పోకచెట్ల నీడన కూరగాయలు పండించుకుని బతికింది. ఎండెక్కే వేళకి ఇంట్లో ఉండేది. సునామీ రోజు సముద్రం ఆ తోటలోకి వచ్చింది. మనుషులం బతికాం గానీ, నేల కుంగిపోయి ఆ ఉప్పునీళ్లు తిరిగి వెళ్లలేదు. పోకచెట్లు నిలబడ్డవి నిలబడ్డట్టే ఎండిపోయాయి. నీడ పోయింది, కూడూ పోయింది. పిన్ని నిలువెల్లా గుడ్డ చుట్టుకుని, ఒడ్డున చేపలు ఎండబెట్టే పనికి వెళ్లింది.

అప్పుడు నేను పదో తరగతి, హిందీ మీడియం. ఓడలో వచ్చిన ఓ పాత తెలుగు పేపరు తెచ్చి చదవమంది. ఎండ నుంచి చర్మాన్ని కాచే ఆహారం గురించి అందులో రాశారు. నూనెలో మగ్గిన టమాటా, క్యారెట్, ఎర్ర గుమ్మడి, ఆకుకూరలు, జామపండు కొంత మేలు చేయవచ్చట. కూడబలుక్కుంటూ చదివాను. చివర నాలుగు వాక్యాలు మిగిలాయి. విసుగొచ్చి, "బస్ పిన్నీ, అయిపోయింది" అన్నాను.

ఆనాటి నుంచి ఆమె మందు తిన్నట్టు తింది. దీవుల్లో టమాటా ఓడ మీద రావాలి, ధర మండిపోతుంది. అయినా రోజూ రెండు మగ్గపెట్టుకునేది. "నోపల కాపలా ఎట్టీసేను, ఇంక పైన ఈ దుప్పటెందుకే" అంటూ ఉక్కకు ముందు ముసుగు తీసింది, తర్వాత చేతుల గుడ్డ తీసింది. నేను చూస్తూనే ఉన్నాను. బాగుందనే అనుకున్నాను.

పుండు పడ్డాక, బియ్యం డబ్బాలో దాచిన ఆ కాగితం నా చేతికి దొరికింది. వదిలేసిన వాక్యాలు అప్పుడు చదివాను. ఇవి తింటే చాలనుకోవద్దు, ఒళ్లు కప్పుకోవడం, మధ్యాహ్నం నీడన ఉండడం మానొద్దు అని ఉంది. ఆస్పత్రిలో ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తూ చెప్పేశాను.

"సేపకి ఎండ కావాల, నాకు నీడ కావాల. నాను నీడన కూకుంటే సేపలు ఎండుతాయేటే?" అంది. కాగితం కేసి చెయ్యి చాపి, "ఏదీ, ఆ ఆకరి ముక్క ఓపాలి సదువు" అంది. చదివాను. ఈసారి ఎక్కడా తడబడలేదు.

"ఇంతేనా? సిన్నదే కదే" అంది.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. నా కోసం దాచి ఉంచిన జామపండు నాకు కోసిమ్మని పక్క మంచం ఆవిడని అడిగింది.

పోయిందని ఫోన్ వచ్చిన మర్నాడు నేను చౌల్దారీ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. పిన్నిని వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. చున్నీ రెండు చేతులా పట్టుకుని ఆమె ముఖానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఇంక ఈ ధూప్, ఈ ఎండ ఏటి సేస్తాదమ్మా, వొదిలీ" అంది ఆమెతో చేపలు ఎండబెట్టిన ఒకావిడ.

వదల్లేదు. పాడె కట్టేదాకా అలాగే ఉన్నాను, భుజాలు లాగేశాయి. పలచటి చున్నీ అది. దాని సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ఆమె బుగ్గ మీద పడుతూనే ఉంది.