నీళ్లలో కుంకుమ ఎరుపు

జనరల్ బజార్‌లో నా మ్యాచింగ్ సెంటర్ నడిచినన్నాళ్లూ ఒకటే నియమం. జాకెట్టు ముక్క చీరకు కుదిరిందో లేదో ట్యూబ్‌లైట్ కింద తేల్చేదాన్ని కాదు. కొంగునూ ముక్కనూ కలిపి పట్టుకుని గడప దాటి ఎండలోకి నడవాల్సిందే. చీర ఇంట్లో వదిలేసి వచ్చి, "గుర్తుందిలెండి, పిస్తా రంగే" అనేవాళ్లకు అసలు ముక్క కోసేదాన్నే కాదు. గుర్తుతో రంగు కుదరదు. 1983 శ్రావణంలో తెరిచిన షాపు 2019 మార్చి ఆఖరున మూశాను. రంగు కుదరలేదని అన్నేళ్లలో వెనక్కి వచ్చిన ముక్కలు పదకొండు. అవి ఎవరెవరివో కూడా చెప్పగలను.

ఆ ధీమాతోనే మా మనవరాలి ఈత కాస్ట్యూమ్ రంగు నేనే ఎంచాను.

మనవరాలంటే మా అమ్మాయి కూతురు. పద్మారావు నగర్‌లో అందరం ఒకే ఇంట్లో ఉంటాం. దానిది పందెం ఈత కాదు, పాటకు తగ్గట్టు నీళ్లలో చేసే నాట్యం. తల కిందికి, కాళ్లు పైకి పెట్టి, ఊపిరి బిగబట్టి తిరుగుతుంది. పసుపు కాస్ట్యూమ్ కావాలని గొడవ చేస్తే, దాని చామనచాయకు కుంకుమ ఎరుపును మించింది లేదని ఈత బట్టల షాపు గుమ్మం బయటికి తీసుకెళ్లి చూపించి మరీ ఒప్పించాను.

వేసవిలో పెద్ద శిక్షణ శిబిరం ఒకటి ఉంది. దానికి వీడియో చూసి పిల్లల్ని ఎంపిక చేస్తారు. మేం గట్టు మీద నిలబడి ఫోన్‌తో తీసి పంపింది తిరిగొచ్చింది. నీళ్ల అడుగున నడుమూ చేతులూ ఎలా ఉన్నాయో చూడాలి, ఒంటికీ కాస్ట్యూమ్‌కీ నీళ్లకీ తేడా స్పష్టంగా తెలియాలి, ఆదివారంలోగా మళ్లీ పంపండి అన్నారు. పిల్ల ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. రెండేళ్లుగా ఆ శిబిరం కోసమే తెల్లారగట్ల లేస్తోంది మరి.

మా అమ్మాయి ఎప్పుడో విహారయాత్రకని కొన్న చిన్న కెమెరా బీరువాలో ఉంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, నీళ్లలో మునిగినా పాడవదు. నీళ్లలోకి దిగి దాన్ని పట్టుకునేదెవరన్నదే ప్రశ్న. పిల్ల సాధన చేసే నేరేడ్‌మెట్ స్విమ్మింగ్ పూల్‌లోనే మోకాళ్ల నొప్పుల కోసం నేనూ ఆడవాళ్ల బ్యాచ్‌లో ఈత నేర్చుకున్నాను. అక్కడి కోచ్ మేడం నన్నే చూసింది.

"అమ్మా, మీరే పట్టుకోండ్రి. బ్యాచ్‌ల మీ లెక్క దమ్ము ఆపేటోళ్లు ఎవ్వల్లేరు."

నిజమే కాబట్టి కాదనలేదు. సోమవారం తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెట్టి చూశాం. నీళ్లన్నీ పాచి రంగు. నేను ఎండలో చూసి ఎంచిన కుంకుమ ఎరుపు ఎక్కడా లేదు.

"ఏందమ్మమ్మా ఇది? కాకరకాయ పులుసు లెక్కుంది!"

"నోర్ముయ్యవే. ఎండలో చూసే కొన్నాను."

"నీళ్లల్ల చూడలె కదా!"

కెమెరా తుడిచి సంచిలో పెట్టుకున్నాను.

మంగళవారం కెమెరా షాపువాడు ముందు బిగించే ఎర్ర అద్దమొకటి ఇచ్చాడు. దాంతో తీస్తే తెల్ల టైల్స్‌తో సహా పూల్ అంతా గులాబీ రంగుకు తిరిగింది. మేడం పడీ పడీ నవ్వింది. "గది సముద్రంల లోతుకు దుంకేటోళ్లకమ్మా. మన పూల్ ఎంత లోతుందని? పిల్లని రూహ్ అఫ్జా షర్బత్‌ల ముంచినట్టుంది." అద్దం, రసీదు రెండూ పట్టుకెళ్లి వాపసు ఇచ్చేశాను.

అప్పుడు నా పద్ధతికి నేను తిరిగొచ్చాను. ట్యూబ్‌లైట్ అబద్ధం చెబుతుందని తెలిసినదాన్ని, నీళ్లు కూడా ట్యూబ్‌లైట్ లాంటివేనని ఎందుకు అనుకోలేదు? షాపు నాటి ట్రంకు పెట్టె తెరిచి, రంగు దిగని రూబియా జాకెట్టు ముక్కలు తీశాను. తెలుపు, కుంకుమ ఎరుపు, నారింజ, పసుపు, చిలకాకుపచ్చ, నీలం. నైలాన్ తాడుకు పిన్నులతో వరసగా గుచ్చి, పూల్ నిచ్చెన కింది మెట్టుకు కట్టాను.

"అమ్మమ్మా, పూల్‌ల బట్టలారేస్తున్నవా?"

"అవునే. నీ పరువు ఆరేస్తున్నాను. పక్కకు జరుగు."

ముందు దూరం నుంచి తీశాను, తర్వాత చేతికందేంత దగ్గర నుంచి. తేడా కళ్లకు కట్టింది. నీళ్లు అన్నిటికంటే ముందు తినేది ఎరుపునే. లోతు ఒక్కటే లెక్క కాదు, కెమెరాకూ గుడ్డకూ మధ్య ఎన్ని నీళ్లుంటే అంత ఎరుపు పోతుంది. దగ్గర తీస్తే కుంకుమ కుంకుమలాగే ఉంది. పసుపు మాత్రం దూరాన్నుంచి కూడా పసుపే.

ఇంకొకటి కూడా తెలిసింది. కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే, తెలుపంటే ఏదో తనే ఊహించుకుంటోంది. కాస్త తిప్పితే చాలు, నీళ్లు ఒకసారి ఆకుపచ్చ, ఒకసారి నీలం. చీర తేకుండా వచ్చి గుర్తుంది గుర్తుంది అనే మనిషే ఇది! మనవరాలు సెట్టింగ్స్‌లోకి వెళ్లి తెలుపును ఒకేచోట కదలకుండా బిగించింది. నేను ప్రతిసారీ మొదట తెల్ల ముక్కను కెమెరా ముందు పట్టాలన్నాను. తర్వాత కంప్యూటర్‌లో ఆ ముక్క మీద నొక్కి ఇదే తెలుపని చెబితే, మిగతా రంగులన్నీ దాన్ని బట్టి సర్దుకుంటాయట. చీర చేతికిచ్చి మ్యాచింగ్ అడిగినట్టే.

ఒక్క విషయం మిగిలింది. "పసుపు కాస్ట్యూమ్ కొందామే. నువ్వన్నదే రైటు," అన్నాను. ఆ మాట అనడం నాకు తేలికేం కాలేదు.

పిల్ల తల అడ్డంగా ఊపింది. "వద్దు. ఎరుపే ఉండని. నువ్వే దగ్గరికి రా."

"దగ్గరికొస్తే నీ కాళ్లు తగుల్తాయే."

"తగుల్తయ్. ఏమైతది?"

శనివారం పదకొండు గంటలకు దిగాం. ఎండ నిలువుగా పూల్ అడుగు దాకా పడుతోంది. సూర్యుణ్ణి నా వీపు వైపు ఉంచుకుని, కాలివేళ్లు నిచ్చెన కింది మెట్టులో ఇరికించి, సగం ఊపిరి వదిలేసి కూర్చున్నాను. ఊపిరి నిండా ఉంటే ఒళ్లు పైకి తేలిపోతుంది. తెల్ల ముక్క చూపించి తీసేశాను. మొదటిసారి దాని మడమ నా నుదుటికి తగిలింది. రెండోసారి నవ్వొచ్చి నీళ్లు మింగాను. గట్టు మీంచి మేడం అరుస్తోంది. "దమ్ము తీస్కోండ్రమ్మా, జల్దేం లేదు!" మూడోసారి పిల్ల నా ముఖానికి మూరెడు దూరంలో తలకిందులుగా నిలిచి, చేతులు చాచి, చెక్కిన బొమ్మలా తిరిగింది. నేను కదల్లేదు. కెమెరా కదల్లేదు. పాటలో ఆ ముక్క అయిపోయాకే పైకొచ్చాను.

ఇంట్లో తెల్ల ముక్క మీద నొక్కగానే తెర మీద రంగులన్నీ వాటి చోటికి వచ్చాయి. నీలం నీళ్లు, దాని చామనచాయ, వాటి మధ్య కుంకుమ ఎరుపు. నేను గడప దాటించి చూపించిన ఎరుపే. మా అమ్మాయి వంటింట్లోంచి వచ్చి చూసి, చేతిలో గరిటతోనే నిలబడిపోయింది.

పంపే ముందు, వీడియో మొదట్లో తెల్ల గుడ్డతో నా చెయ్యి కనిపించే భాగం కత్తిరించమన్నాను. మేడం ఫోన్‌లో ఒప్పుకోలేదు. "ఉంచుండ్రి. తెలుపు తెల్లగుంటేనే కదా మిగతా రంగులు నమ్ముతరు."

గురువారం మధ్యాహ్నం జాబితా వచ్చింది. అందులో మా పిల్ల పేరుంది. అది అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు తలుపు తీశారు. ఆ తర్వాత నెలలో పూల్‌లో ఏ పిల్లకు వీడియో తియ్యాలన్నా మేడం ముందుగా నా తెల్ల రూబియా ముక్క అడిగేది. ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చేదాన్ని.

ఆ వీడియో నా ఫోన్‌లో ఉంది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చూపిస్తాను. మా పిల్ల కంటే ముందు తెర మీదికి వచ్చేది తెల్ల గుడ్డ పట్టుకున్న నా చెయ్యి. ముడతలతో సహా సరైన రంగులో పడింది.