పేర్లు లేని వార్త

దోహాలోని నజ్మాలో బుర్హానుద్దీన్ దర్జీ దుకాణం నడిపేవాడు. సొంతూరు మెట్‌పల్లి. తెలుగు బాగా రాస్తాడు కనుక హైదరాబాదులోని ఒక వారపత్రికకు ఇక్కడి కబుర్లు పంపుతుండేవాడు. చమురు డబ్బు పొంగి, ఊళ్లకు ఊళ్లు ఖతర్‌కు కదిలివస్తున్న రోజులవి.

1976 ఎండాకాలంలో చమురు బావులున్న దుఖాన్ ఊరి దగ్గర కూలీల క్యాంపులో వంటపాక తగలబడింది. ఇద్దరికి చేతులు కాలాయి, అంతే. బుర్హానుద్దీన్ మాత్రం "మంటల్లో మన కూలీలు, ఎందరు బతికారో తెలియదు" అని రాశాడు. తను వెళ్లి చూడలేదు గనక తెలియదనడం అబద్ధం కాదులే అని సర్దిచెప్పుకున్నాడు.

'వార్త సెన్సేషనల్, ఇలాంటివే పంపండి' అని పత్రిక నుంచి టెలిగ్రాం వచ్చింది. అందులో 'సెన్సేషనల్' అన్న మాట అర్థం కాక, ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చిన అకౌంటెంటు సుధాకరరావును అడిగాడు.

"సినిమాను అంటే మెచ్చుకున్నట్టండీ," అన్నాడాయన. "వార్తను అంటే మాత్రం, జనం ఉలిక్కిపడాలని ఉన్నదానికి రంగులు పూశారని. ఇంతకీ మీరేం రాశారు?"

బుర్హానుద్దీన్ మాట మార్చి నడుం కొలత తీసుకున్నాడు.

నెల తిరిగాక ఒక శుక్రవారం దుఖాన్ క్యాంపు నుంచి లింబాద్రి వచ్చాడు. అతని భార్య బాలవ్వ మాటలు నింపిన క్యాసెట్‌ను ఊరి మనిషొకడు తెచ్చిచ్చాడట. దుకాణంలో టేప్‌రికార్డరు ఉందని వచ్చాడు. మీట నొక్కగానే బాలవ్వ గొంతు వినిపించింది.

"నువ్వున్న కాడ మంటలంటుకున్నయని పేపర్ల సదివిండ్రు. మీ అమ్మ నా చేతుల గాజులు తీపిచ్చింది. బతికుంటే నీ గొంతుతోని ఒక్క మాట పంపు."

బుర్హానుద్దీన్ కుట్టుమిషను ఆపేశాడు. తను నోరు విప్పకపోతే లింబాద్రికి ఎప్పటికీ తెలియదు.

"అది రాసింది నేనే లింబాద్రీ. గంత కాలేదు. పెంచి రాసిన."

లింబాద్రి మీట నొక్కి టేపు ఆపాడు. తరువాత మెల్లగా అడిగాడు. "నా పేరు రాసినవా భాయ్?"

"ఎవ్వల పేరూ రాయలే."

"రాసినా మంచిగుంటుండె. ఒక్క ఇల్లే ఏడుస్తుండె. పేర్లు లేకనే మా ఊర్ల ఇంటింట ఏడ్చిండ్రంట."

బుర్హానుద్దీన్ ఖాళీ క్యాసెట్ పెట్టాడు. "బాలవ్వా, నేను మంచిగున్న. గాజులు ఏసుకో," అన్నాడు లింబాద్రి.

జరిగింది సరిదిద్ది రాసి పంపితే పత్రిక వేయలేదు. దాంతో బుర్హానుద్దీన్ శుక్రవారాలు దుకాణం మూసి, టేప్‌రికార్డరు పట్టుకుని దుఖాన్ క్యాంపుకు పోయేవాడు. ఒక్కొక్కరి మాటలూ నింపి, ఊరికి పోయేవాళ్ల చేత పంపేవాడు. కూలీలు అతన్ని దొడ్డ మనిషని పొగిడి, బలవంతంగా అన్నం పెట్టేవారు. ఆ వార్త రాసింది ఇతడేనని లింబాద్రి వాళ్లకు చెప్పలేదు. బుర్హానుద్దీన్ ఆ అన్నం సగంలోనే వదిలి లేచేవాడు.