వెల్లుల్లి వైపు తొయ్యని మంచు

రాఘవులు ఏ పనైనా రెండుసార్లు కొలిచి చేసే మనిషి. అన్నానికి ఎసరు పోసినా గిన్నెలో గీత చూసుకుని పోస్తాడు. అలాంటివాడు ఆ చలికాలం అన్నీ కొలిచి, కొలవాల్సిన ఒక్కదాన్నే వదిలేశాడు. తలుచుకుంటే ముందు కోపమే వస్తుంది. జాలి ఆ తర్వాత వస్తుంది.

షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో ఇరవై ఏళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, యాభై రెండో ఏట అది ఊడిపోయాక, అతనికి దొరికింది మిషిగన్ ఉత్తరపు కొసన సుపీరియర్ సరస్సు పక్కనున్న ఒక చిన్న ఊళ్ళో పని. అక్కడి ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకోవాలి. ఊరు మొత్తానికి తెలుగువాళ్ళు అతనూ, భార్య దమయంతీ, అంతే. కూతురు అనుష్క ఉద్యోగం నేపర్‌విల్‌లోనే కాబట్టి అక్కడే ఉండిపోయింది. వీళ్ళ ఇల్లు పెద్ద రోడ్డుకి పావుమైలు లోపల, చెట్ల మధ్య ఉంది.

ఆ ప్రాంతంలో మంచు నవంబరులో మొదలైతే ఏప్రిల్ దాకా నేల కనిపించదు. పెద్ద రోడ్డు మీద మంచు తొయ్యడానికి కౌంటీ ప్రభుత్వం బండి వస్తుంది. అక్కణ్ణుంచి ఇంటిదాకా ఉన్న దారి ఎవరిది వాళ్ళే చూసుకోవాలి. మొదటి ఏడాది ట్రక్కున్న ఒకతన్ని మాట్లాడుకున్నారు. జనవరిలో పెద్ద తుఫాను వచ్చిన రోజు అతను రాలేదు, మర్నాడూ రాలేదు. దమయంతి గుండె కండరం బలహీనపడి అప్పటికి నాలుగేళ్ళు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే నిమిషాల మీద ఆసుపత్రికి తేవాలని డాక్టరు ముందే చెప్పాడు. ఆ రెండు రోజులూ ఆమె వీపుకి మూడు దిళ్ళు పెట్టుకుని కూర్చునే కునికింది. కిటికీలోంచి తెల్లగా పూడిపోయిన దారిని చూస్తూ రాఘవులు బతికుండగానే చచ్చాడు.

ఇక ఒకరి దయ మీద ఆధారపడకూడదనుకున్నాడు. మరుసటి సెప్టెంబరులో పాత ఏటీవీ ఒకటి కొన్నాడు. మోటార్‌సైకిల్ హ్యాండిలూ, నాలుగు లావు చక్రాలూ ఉన్న బండి అది. చక్రాలు మంచులో కూరుకుపోతాయి కాబట్టి వాటి బదులు బిగించడానికి యుద్ధ ట్యాంకుకి ఉండేలాంటి నాలుగు రబ్బరు ట్రాకులూ, ముందు తగిలించడానికి మంచు తోసే అయిదడుగుల ఇనప పలక, ప్లౌ కూడా తెచ్చాడు. మూడు వారాంతాలు గరాజ్‌లోంచి బయటికి రాలేదు. బండిని జాకీ మీద లేపాడు, చక్రాలు ఊడదీశాడు, ఒక్కొక్క మూలా ట్రాకు ఎక్కించాడు. ట్రాకు తలకిందులుగా తిరగబడకుండా పట్టి ఉంచే ఇనప చెయ్యి ఒకటి ఉంటుంది. దాని బోల్టులు పుస్తకంలో రాసినంత బిగువుకే, మీటరున్న స్పానర్‌తో బిగించాడు. తీరా చూస్తే ట్రాకుల వల్ల బండి అయిదంగుళాలు పైకి లేచింది, ప్లౌ నేలకి సరిగ్గా ఆనడం లేదు. ఇనప పలకలు కోసి, బెజ్జాలు వేసి, ప్లౌని కిందికి దించాడు. హ్యాండిల్ పూర్తిగా తిప్పితే ట్రాకు అంచు ప్లౌ ఫ్రేముకి రాసుకుంటోంది. ఫ్రేముని ఇంకో జానెడు ముందుకి జరిపాడు.

దమయంతి శాలువా కప్పుకుని, మడత కుర్చీలో కూర్చుని ఇదంతా చూసేది.

"పెళ్ళికూతుర్ని కూడా ఇంత ముస్తాబు చెయ్యరండీ. మన పెళ్ళికి మీరు నా మొహం అయినా సరిగ్గా చూశారో లేదో."

"నీకోసమేగా ఈ తిప్పలన్నీ."

"ఆ, ఆ. బొమ్మ దొరికింది మీకు. నా పేరు వాడుకుంటున్నారు."

ఆ మాటలో కొంత నిజం ఉంది. ఉద్యోగం పోయాక ఆ మనిషి తన చేతుల్తో ఒక పనికొచ్చే పని చేశాననుకోవడం అదే మొదలు.

పక్క స్థలంలో రాయ్ అనే డెబ్బై ఏళ్ళ పెద్దాయన ఉండేవాడు. ఇనప గనుల్లో పనిచేసి రిటైరైన మనిషి. రాఘవులు పేరు నోరు తిరక్క రాగ్ అనేవాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ట్రాకుని బూటుతో తన్ని చూసి, బాగుందని మెచ్చుకున్నాడు.

"ఒక్క మాట విను, రాగ్. మొదటి మంచు పడ్డ రోజే దారి పక్కలకి బాగా దూరంగా తోసెయ్. నీకు చాలనిపించినదానికి డబుల్. ఆ గట్టు ఒకసారి గడ్డకట్టిందా, ఇక నీ బండి కాదు, దాని తాత వచ్చినా కదలదు. పడ్డ ప్రతి మంచుతోనూ అది లోపలికే వస్తుంది."

రాఘవులు తలూపాడు. ఆ మాట ఫోనులో రాసుకున్నాడు కూడా.

అక్టోబరు నడిమిలో దమయంతి వెల్లుల్లి నాటింది. ఆ ఊళ్ళో చలికి ముందే రెబ్బలు పాతిపెడితే వసంతంలో మొలకలొస్తాయని ఎవరో చెప్పారు. ఇంటి చుట్టూ చెట్ల నీడ. ఎండపడే నేల పెద్ద రోడ్డు దగ్గర, వాళ్ళ దారి మొదట్లో ఒక్కచోటే ఉంది. ట్రాకులు బిగించిన బండి మీద ఆమెను వెనక కూర్చోబెట్టుకుని రాఘవులే తీసుకెళ్ళాడు. ఆమె పీట మీద కూర్చుని, నాలుగు రెబ్బలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ, దారి అంచు వెంబడే అరవై అడుగుల మడి రెండు రోజుల్లో పూర్తి చేసింది. రెండేళ్ళుగా వంట కూడా నిలబడి చెయ్యలేని మనిషి మొహం ఆ సాయంత్రం వెలిగిపోయింది.

"ఏమండీ, మంచు ఇటు మాత్రం తొయ్యకండి. అంత బరువు మీద పడితే రెబ్బలు చచ్చిపోతాయి. వచ్చే ఏడు ఆవకాయలో మన వెల్లుల్లే వెయ్యాలి."

"సరేలే."

నవంబరు పదో తారీఖున మొదటి మంచు పడింది. చెట్ల మధ్య ఉన్న దారంతా రాయ్ చెప్పినట్టే వెడల్పుగా తోసుకుంటూ వచ్చాడు రాఘవులు. బండి చెప్పినట్టు విన్నది, ప్లౌ నేలని గీసినట్టు పోయింది. మడి దగ్గరికొచ్చేసరికి ఆగాడు. ఒకవైపు మనిషెత్తు బండరాళ్ళు, రెండోవైపు వెల్లుల్లి. దిగి, తన కారుకి రెండు పక్కలా ఒక్కో అడుగు వదిలి దారి కొలుచుకున్నాడు. కారు బాగానే పడుతుంది. అంతవరకే తోసి, మిగతాది అంచునే గట్టుగా వదిలేశాడు. అంబులెన్సు వెడల్పెంతో అతనికి తట్టనేలేదు. నిత్యం ఆసుపత్రి గుమ్మంలో దాన్ని చూసేవాడికే తట్టకపోతే ఏమనాలి!

గట్టు గడ్డకట్టింది. డిసెంబరంతా మంచు పడుతూనే ఉంది. పడ్డప్పుడల్లా గట్టు మరికాస్త లోపలికి జరిగింది. రోజూ కారులో వెళ్ళొచ్చేవాడికి ఆ తేడా తెలియలేదు. జనవరి చివరికి కారు అద్దాలు మడిచి పోనిస్తున్నాడు. అయినా దారి తెరిచే ఉందన్న ధీమా అతన్ని వదల్లేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం, పొద్దున పదిగంటల వేళ, ఆకాశం నీలంగా తేటగా ఉంది. దమయంతి కాఫీ కప్పు కింద పెట్టి, ఊపిరాడటం లేదంది. పెదాలు నీలం తిరిగాయి. రాఘవులు 911కి ఫోన్ చేశాడు. ఆమెను కదిలించవద్దు, అంబులెన్సు బయల్దేరింది అన్నారు. పదిహేను నిమిషాల్లో సైరన్ వినిపించింది, దారి మొదట్లోనే ఆగిపోయింది. కాసేపటికి పాపం ఇద్దరు మనుషులు సంచులు మోసుకుంటూ పావుమైలు మంచులో పరిగెత్తుకొచ్చారు.

"బండి అక్కడ పట్టలేదు," అన్నాడు ముందొచ్చినవాడు రొప్పుతూ.

ఆక్సిజన్ పెట్టి, సూది వేశారు. ఆ మంచులో చక్రాల మంచం రావడానికి లేదు, కారులో పడుకోబెట్టే చోటు లేదన్నారు. సైరన్ విని వచ్చిన రాయ్, కట్టెలు వేసి మంచు మీద లాగే తన ప్లాస్టిక్ స్లెడ్ తెచ్చాడు. అందులో ఆమెను దుప్పట్లతో చుట్టి, పట్టీలు బిగించి, ఏటీవీ వెనక కట్టారు. బండిని నడిపింది రాఘవులే. ట్రాకులు ఒక్కచోట కూడా జారలేదు. మూడు వారాంతాలు బిగించిన బోల్టు ఒక్కటీ సడలలేదు. గట్టు దగ్గరికొచ్చాక దమయంతి మాస్కు కొంచెం పక్కకి లాగింది.

"మెల్లగా పోనివ్వండి. మడి ఇక్కడే."

ఆమె మాట్లాడింది అదే ఆఖరు. ఆసుపత్రి చేరకముందే గుండె ఆగింది.

సొంతవాళ్ళ ఫైలు తెరవకూడదని ఆసుపత్రి రూలు. రాఘవులు తెరిచాడు. అంబులెన్సు దారి మొదటికి వచ్చింది పది పందొమ్మిదికి. దమయంతి అంబులెన్సులోకి ఎక్కింది పది యాభై నాలుగుకి. మధ్యలో ముప్పై అయిదు నిమిషాలు. స్క్రీన్ ముందు కూర్చుని ఆ రెండు అంకెలనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాడు.

అనుష్క వచ్చింది. అంత్యక్రియలయ్యాక రాయ్‌తో ఏదో మాట్లాడి ఇంట్లోకొచ్చి, తండ్రి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, అక్కడ అంత నారోగా ఎందుకు వదిలావ్? రాయ్ అంకుల్ నీకు చెప్పారంట కదా, వైడ్‌గా పుష్ చేయమని. మిగతా అంతా చేశావ్. అక్కడే ఎందుకు చేయలేదు?"

మీ అమ్మే వద్దంది అన్న మాట గొంతుదాకా వచ్చింది. చెబితే ఆ పిల్ల తల్లిని తలుచుకున్నప్పుడల్లా ఈ మాట కూడా తలుచుకుంటుంది. రాఘవులు ఆ మాట మింగేశాడు.

"బద్ధకం, అమ్మా."

"లేజీనా?" అంది అనుష్క. "నువ్వు లేజీగా ఉన్నావ్, అందుకని అమ్మ చచ్చిపోయిందా?"

ఆమె ఆ సాయంత్రమే కారెక్కి వెళ్ళిపోయింది. మూడు నెలలు ఫోన్ ఎత్తలేదు.

మే నెలలో గట్టు పూర్తిగా కరిగింది. చలికాలమంతా జరుగుతూ కూలుతూ ఆ మంచు సగం మడిని కప్పేసింది. రాఘవులు చూడటానికి వెళ్ళేసరికి మడి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పచ్చగా మొలిచి ఉంది. గట్టు కింద పూడిన సగమే ఇంకా ఒత్తుగా ఉంది. రాయ్ పక్కన నిలబడ్డాడు.

"వెల్లుల్లికి మంచు ఏం చేస్తుంది, రాగ్? దుప్పటి లాంటిది. ఎంత మందంగా ఉంటే అంత మంచిది. ప్లౌ కాస్త ఎత్తి పట్టుకుని మడి మీదికే తోసేస్తే సరిపోయేది."

రాఘవులు అక్కడే కరిగిన మంచుకి తడిసిన నేల మీద చతికిలబడ్డాడు. రాయ్ భయపడి భుజం పట్టుకున్నాడు.

తల్లి బట్టలు సర్దడానికి అనుష్క ఆ శనివారం వచ్చింది, ముభావంగానే. దారి మొదట్లో కారాపి దిగింది. మొలకల్ని చూసింది, అటు బండరాళ్ళని చూసింది, మధ్యలో ఉన్న దారిని చూసింది. రాఘవులు అప్పటికే మడిలో కలుపు తీస్తున్నాడు.

"ఇది అమ్మ పెట్టిందా?"

"ఆఁ."

ఆమె వంగి ఒక మొలకని వేలితో తాకింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాన్నా, నిజం చెప్పు. దీనికోసమేనా? అమ్మ అడిగిందా?"

రాఘవులు తలెత్తలేదు. చేతిలో ఉన్న గడ్డిపరకని వేరుతో సహా లాగి పక్కన పెట్టాడు.

"లేదమ్మా. బద్ధకమే," అన్నాడు. "ఎండలో నిలబడకు. లోపలికి పద, అన్నం వండాను."