బల్ల దాటి వచ్చిన షిగేమి

రేవు ఊరి లైబ్రరీలో కురమోచి షిగేమి ఇరవై ఏళ్లుగా అడిగినవాళ్లకు కావలసిన పుస్తకం చూపించే విచారణ బల్ల వెనకాల కూర్చుంటోంది. ఏటా వసంతంలో పొడిగిస్తే నిలిచే ఉద్యోగం. ఈసారి అదీ అనుమానంలో పడింది. ఊరి కార్యాలయం నుంచి ఉసుయి అనే అధికారి వచ్చి, ఆమె బల్ల పక్కనే పుస్తకాలు వెతికిపెట్టే యంత్రం బిగించాడు.

"ఏమీ అనుకోకండి కురమోచి గారూ. జనం అన్నీ ఫోన్లలోనే చూసేసుకుంటున్నారు. మీ దగ్గరికెందరొస్తారో, దీని దగ్గరికెందరొస్తారో మార్చి దాకా చూద్దాం" అన్నాడు మర్యాదగా. మర్యాదగా కోసినా తెగేది పీకే కదా.

షిగేమికి ఒళ్లు మండింది. కావలసినవాళ్లే వస్తారులే అని బిగుసుకుని కూర్చుంది. ఎవరూ రాలేదు. సాటి మనిషిని ఇబ్బంది పెట్టడం కన్నా పస్తు పడుకోవడం నయమనుకునే ఊరు అది. యంత్రం దగ్గరైతే మొహమాటపడే పని లేదు. అక్కడే పుట్టి పెరిగిన షిగేమికి ఆ సంగతి తట్టలేదు. కోపం కళ్లకు గంతలు కట్టేసింది మరి.

జనవరిలో ఒక మధ్యాహ్నం, చేపల వేట మానేసిన తొకుజి అనే ముసలాయన యంత్రం ముందు నిలబడి 'సులువైన వంట' అని కొట్టాడు. తెర నిండా కేకులు, పిల్లల క్యారేజీల్లోకి పెట్టే వంటలు. వెళ్లిపోయాడు. కాసేపటికి మళ్లీ వచ్చి అదే కొట్టాడు. షిగేమి వైపు మాత్రం చూడలేదు.

ఆమెకు ఇక కూర్చోబుద్ధి కాలేదు. లేచి వెళ్లి ఆయన పక్కన నిలబడింది.

"చలి కొరికేస్తోంది కదండీ. చేపలు బాగానే పడుతున్నాయటగా?"

"పడుతున్నాయమ్మా. వండిపెట్టేది ఆసుపత్రిలో ఉంది."

"ఇంటికెప్పుడు తీసుకొస్తారు?"

"వచ్చేవారం. పక్షవాతం. ముద్ద గొంతు దిగదు. నాకేమో నీళ్లు కాచడం తప్ప ఏమీ రాదు. నర్సమ్మ అన్నీ చెప్పింది. పాపం, మళ్లీ మళ్లీ అడిగి విసిగించడం ఎందుకని అన్నిటికీ సరే సరే అనేశాను" అన్నాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

షిగేమి మెత్తటి వంటల పుస్తకం తెచ్చి ఇచ్చింది. ఇంటర్నెట్లో ఏది వైద్యుల మాటో, ఏది పొడులమ్ముకునేవాడి మాటో విడమర్చి చూపించింది.

"జావ ఎంత పల్చగా ఉండాలో నాకూ తెలీదండీ. నర్సునే అడగాలి. ఎలా అడగాలో ఇక్కడే అనుకుని వెళ్దురుగాని. ఈసారి ఊరికే సరే అన్నారో, ఊరుకోను!"

అది మొదలు ఆమె కుర్చీలో కూర్చున్నది తక్కువ. యంత్రం దగ్గర తచ్చాడేవాళ్ల పక్కన చేరి చలి గురించో వాన గురించో కదిపేది. అసలు మాట దానంతటదే బయటపడేది.

మార్చిలో ఉసుయి వచ్చేసరికి తొకుజి ఆమె మీద ఎగురుతున్నాడు.

"నీ పుస్తకం పుణ్యమా అని మా ఆవిడ చేత తిట్లు తిన్నానమ్మా! గిన్నెడు జావ తాగేసి ఉప్పు లేదంటుందా!" అంటూనే కళ్లు తుడుచుకున్నాడు.

ఉసుయి ఇబ్బందిగా దగ్గాడు. "బల్ల దగ్గరికొచ్చినవాళ్లు మరీ తక్కువండీ."

షిగేమి బల్ల వైపు ఒకసారి చూసి, ఉసుయి వైపు తిరిగింది.

"అయితే బల్ల తీయించేయండి. కుర్చీ కూడా. జనం నిలబడేది ఇటువైపు. నన్ను ఇటువైపు ఉండనివ్వండి."

ఉసుయి ఆమెనూ, ముసలాయన్నూ మార్చి మార్చి చూశాడు. చేతిలోని లెక్కల కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తల వంచి నమస్కరించి వెళ్లాడు.

ఏప్రిల్లో బల్ల పోయింది. షిగేమి ఉంది.